తిరుగు గిన్నె

లైప్‌జిగ్‌లో అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడికి ఒక దశ దాటాక నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న ప్రతిదీ ఇల్లులాగే కనిపిస్తుంది. మొన్న ఆ దశలో ఉండి ఇళ్ళ వెబ్‌సైటు తిరగేస్తుంటే ఒక చర్చి అమ్మకానికి వచ్చింది. ఊరి పేరు చదవకముందే గుర్తుపట్టాను. "మాజీ ప్రార్థనా మందిరం. ఎత్తైన పైకప్పు. చిత్రకారులకు అనుకూలం. వేడి సదుపాయం లేదు" అని రాశారు. ఆఖరి ముక్క అక్షరాలా నిజం. అందులో చలికాలాలు గడిపినవాణ్ణి నేను.

ఫొటోలో ముందు వరస బెంచీ కనిపిస్తోంది. ఖాళీగా ఉంది. ఆ బెంచీ ఖాళీగా ఉండకూడదనీ, ఆ తలుపుకి తాళం పడకూడదనీ ఒక మనిషి తనకు మిగిలిన ఆదివారాలన్నీ ధారపోసింది. గుంటూరు మనిషి. మాకెవరికీ చుట్టం కాదు. అందరం అక్క అనేవాళ్ళం.

నేను ఖమ్మం నుంచి మాస్టర్స్‌కి వచ్చిన కొత్తలో ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో ఒక సందేశం చూశాను: "కొత్తగా వచ్చిన పిల్లలకు ఆదివారం హాలె యాత్ర. పులిహోర, గారెలు ఉంటాయి." హాలె అంటే ఏమిటో నాకు తెలియదు. గారెలంటే తెలుసు. వెళ్ళాను. నాలాగే గారెల జ్ఞానంతో వచ్చినవాడు ఇంకొకడు ఎస్-బాన్ రైల్లో ఎదురుగా కూర్చున్నాడు. హైదరాబాద్ కుర్రాడు, ఇమ్రాన్. మా ఇద్దరి మధ్యా స్టీలు క్యారియరు. క్యారియరు పక్కన అక్క.

తెల్ల చీర, దాని మీద మోకాళ్ళ దాకా నల్లటి చలికోటు, కాళ్ళకు మంచు బూట్లు. ఆదివారం పూట ఆమె వేషం అదే. గుంటూరులో ఒక కాలేజీలో ఏళ్ళ తరబడి అమెరికా చరిత్ర చెప్పింది. అమెరికా మాత్రం చూడలేదు. వయసులో ఉన్నప్పుడు పెన్సిల్వేనియాలో పరిశోధనకు సీటు వచ్చిందట. వీసా ఆఫీసరు ఒకే ప్రశ్న అడిగి పాస్‌పోర్టు వెనక్కి తోశాడట. ఏం అడిగాడక్కా అంటే, "ప్రశ్న బాగానే ఉందిరా, నా జవాబే బాలేదు" అనేది. ఆ తరువాత పెళ్ళి. చాలా ఏళ్ళకు భర్తకు ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డ్ అనే వీసా. ఆయన కార్డు వెనకాల ఈమె. చరిత్ర లెక్చరరు అవసరం లైప్‌జిగ్‌లో ఎవరికీ లేదు కాబట్టి దొరికిన వాళ్ళకల్లా రైల్లో పాఠం చెప్పేది. రైలు కదిలాక విద్యార్థి పారిపోలేడని ఆమెకు తెలుసు.

"హాలెలో పెద్ద అనాథాశ్రమం ఉండేది. మన తెలుగు పుస్తకాలు మొట్టమొదట అచ్చయ్యింది అక్కడే అంటారు, తెలుసా?" అంది.

తెలియదన్నాం. మా ఇద్దరి కళ్ళూ క్యారియరు మీదున్నాయి.

"ఆ ఆశ్రమంలో ఒక కుర్ర పాదిరి. నిన్ను ఇండియా పంపుతాం అన్నారు. మన దగ్గరికే రావాల ఆయన. పెట్టె కూడా సర్దుకున్నాడు."

పెట్టె సంగతి ఏ పుస్తకంలోనూ లేదని తరువాత చూసుకున్నాను. అది అక్క సర్దింది.

"వచ్చిండా మరి?" అన్నాడు ఇమ్రాన్.

"రాలా. ఖర్చుకి కుదర్లేదు. పెన్సిల్వేనియా పొమ్మన్నారు."

"లక్కీ ఫెలో. వీసా కొట్టేసిండు."

"నోర్ముయ్. లక్కేందిరా? ఓడ దిగేసరికి ఆయన కోసం ఎదురుచూసేవాడు ఒక్కడు లేడు. ఆయన సంఘాన్ని ముందే వేరేవాళ్ళు వచ్చి పంచుకు కూర్చున్నారు. కొట్టుకుంటన్నారు కూడా."

"ఏం చేశాడు?" అన్నాను. నాకూ కొంచెం జాలేసింది. నా అద్దె గది పరిస్థితీ సుమారుగా అదే.

"ఏం చేస్తాడు? గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు. పంపిన చోట పని చేశాడు. అమెరికాలో లూథరన్ సంఘాన్ని ఒక దరికి తెచ్చింది ఆయనే. గారెలు తినండి, చల్లారిపోతున్నాయి."

ఆ పాదిరికి కొడుకులున్నారు. ఒకడు తానూ పాదిరే. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యాక ప్రసంగం ముగించి, పైనున్న నల్ల అంగీ విప్పితే కింద సైనికుడి దుస్తులున్నాయని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ. పాదిరివై ఉండి యుద్ధమేమిటని తమ్ముడు అతన్ని తిట్టాడు. తరువాత ఆ తమ్ముడూ అంగీ విడిచి రాజకీయాల్లోకి పోయి, కొత్త దేశపు ప్రతినిధుల సభకు మొట్టమొదటి స్పీకరయ్యాడు. ఇవి చెప్పేటప్పుడు అక్క తన కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పేది. రైల్లో జర్మన్ ముసలివాళ్ళు పేపర్లు దించి చూసేవాళ్ళు. కోటు కింద తెల్ల చీర తప్ప ఏమీ ఉండదని తెలిసీ మేమూ చూసేవాళ్ళం.

"కొడుకులకేం, విగ్రహాలున్నాయి. నాకు ఆ తండ్రి కావాల" అనేది బొత్తాలు మళ్ళీ పెట్టుకుంటూ. "కొడుకులు ఏ రాజు మీద తిరగబడ్డారో, ఆ ఇంగ్లండు రాజు ఈయన పుట్టిన జర్మన్ నేలకీ రాజే. విధేయుడిగా ఉంటానని ఒట్టు పెట్టినవాడు. ఇటు రాజు, అటు బిడ్డలు. ఎవరు గెలవాలని ప్రార్థన చేయాల ఆ మనిషి?"

"డ్రా కావాలని" అన్నాడు ఇమ్రాన్.

అక్క నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ, "అదే చేసుంటాడు పాపం" అంది.

ఆ తండ్రి ఓడ దిగిన వందేళ్ళకు పెన్సిల్వేనియాలోని ఆ సంఘం వాళ్ళు గుంటూరుకి ఒక పాదిరిని పంపారు. ఆయన కూడా పుట్టింది జర్మనీలోనే. ఆయన పెట్టిన బళ్ళో అక్క ముత్తాత అక్షరాలు దిద్దుకున్నాడు. అక్క వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. అంతకుముందు వాళ్ళను పేరుపెట్టి పిలిచినవాళ్ళే గాని పేరు రాసుకున్నవాళ్ళు లేరట. అందుకే ఇక్కడ అనుమానాస్పదమైన పని ఒకటి చేసింది. ఊళ్ళో చిరునామా నమోదు చేయించుకునే అన్‌మెల్డుంగ్ రోజున మతం అనే గడి వస్తుంది. క్రైస్తవుడని రాస్తే జీతంలో చర్చి పన్ను కోస్తారు. మనవాళ్ళలో నిన్నటిదాకా ఉపవాస కూటాలు నడిపినవాళ్ళు కూడా ఆ గడి దగ్గర ఉన్నపళాన నాస్తికులవుతారు. అక్క మాత్రం తన గడీ నింపి, భర్త గడీ నింపింది. బావగారు జీతం కాగితం వచ్చిన ప్రతిసారీ నిట్టూర్చేవారు. "మీ నిట్టూర్పు కూడా కానుకేనండీ" అని ఓదార్చేది.

వాళ్ళ పేరు లైప్‌జిగ్ పక్కన ఒక చిన్న ఊరి చర్చిలో రాశారు. తూర్పు జర్మనీలో చర్చిలు చాలా ఉన్నాయి, వచ్చేవాళ్ళే లేరు. ఒకే పాస్టరమ్మ చిన్న కారులో ఊరి నుంచి ఊరికి పరుగెత్తి ఆరాధనలు చేసేది. ఈ చర్చికి వచ్చేది కొందరు ముసలమ్మలు. అందరిలోకీ ముసలమ్మ చేతిలో తాళాలగుత్తి ఉండేది. తలుపు తీయడం, గంట కొట్టడం, వచ్చిన తలలు లెక్కపెట్టి పాస్టరమ్మకు చెప్పడం ఆవిడ పని. అక్క ఆవిడకు తాళాలమ్మ అని పేరు పెట్టింది. గుంటూరు జిల్లాలో పొలిమేరకొక అమ్మ ఉంటుంది, ఇక్కడ మాత్రం ఎందుకుండకూడదని.

ఒక ఆదివారం పాస్టరమ్మ ప్రకటించింది: పై సంఘం వాళ్ళు చూస్తున్నారు, ఆదివారాల్లో మనుషులు ఇలాగే పలచబడితే చర్చి మూసేస్తారు. ముసలమ్మలు తలలూపారు. ఇళ్ళు, బడి, కిరాణా కొట్టు మూతపడగా చూసినవాళ్ళు, ఇదీ అంతేననుకున్నట్టున్నారు. అక్క తల ఊపలేదు.

ఆ తరువాత మా ఆదివారాలు మావి కావు. "ఆదివారం చర్చి, తరువాత భోజనం" అని వాట్సాప్‌లో వచ్చేది. ఈ రెంటి వరస తారుమారు చేయడానికి మేం చాలా ప్రయత్నించాం. దాంతో ఆ సాక్సనీ పల్లె చర్చిలో ఇద్దరు గుంటూరు లూథరన్లు, ఒక నెల్లూరు బాప్తిస్టు, చలికి గది వెచ్చబెట్టే పాతకాలపు పొయ్యి పక్కన చోటు ముందే ఆక్రమించే ఒక వైదిక బ్రాహ్మడు, నేను, ఇమ్రాన్ కూర్చోవడం మొదలైంది. ఆ పొయ్యి వెలగదు. అయినా అతను దాని పక్కనే కూర్చునేవాడు, జ్ఞాపకశక్తితో చలి కాచుకునేవాడు.

పాస్టరమ్మకు మా సంగతి దాచలేదు. "వీళ్ళందరూ విశ్వాసులేనా?" అని ఆమె అడిగితే, అక్క తన జర్మన్‌లో "విశ్వాసం దేవుడు లెక్కపెడతాడు. మీరు తలలు లెక్కపెట్టండి" అంది. పాస్టరమ్మ నవ్వింది. తాళాలమ్మ మమ్మల్ని లెక్కలో వేసుకుంది.

భోజనాలు చర్చి వెనక గదిలో. మిగిలినవి ముసలమ్మలకు డబ్బాల్లో సర్ది ఇచ్చేది. మరుసటి ఆదివారం డబ్బాలు తిరిగొచ్చేవి, తళతళా మెరుస్తూ, ఖాళీగా. మొదటిసారి మూత తీసి చూసి అక్క ముఖం వాడిపోయింది.

"ఇంత తోమారే, ఒక చక్కెర పలుకు వేయలేకపోయారా?"

"వాళ్ళకేం తెలుస్తదక్కా, డిష్‌వాషర్‌ల ఏసి ఇచ్చిన్రు. గదే ప్రేమ" అన్నాడు ఇమ్రాన్.

"గిన్నె ఖాళీగా తిప్పి పంపితే ఇచ్చినోళ్ళ ఇంటికి లోటురా. మా అమ్మ ఏం లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలన్నా వేసేది." డబ్బాకి మళ్ళీ మూత పెడుతూ అంది: "ఈ హాలె వాళ్ళు పెన్సిల్వేనియాకి ఒక గిన్నె పంపారనుకో. వాళ్ళు దాన్ని గుంటూరు పంపారు. ఇన్నాళ్ళకి దాన్ని పట్టుకుని మనం తిరిగొచ్చాం. వాళ్ళ గుడి మూతపడతంటే మనం చూస్తా కూర్చుంటే, ఖాళీ గిన్నె ఇచ్చినట్టు కాదూ?"

ఆమె అమెరికా చరిత్ర మొత్తానికి సారాంశం అదే. పరీక్షలో రాస్తే మార్కులు రావు.

తాళాలమ్మతో ఆమెకు ఒక్కసారే గొడవైంది, అదీ ఉప్పు మీద. బావగారు ఆ ఊళ్ళోనే ఇల్లు తీసుకున్నారు. అక్కడి ఆచారం ప్రకారం కొత్త ఇంటికి రొట్టె, ఉప్పు తీసుకుని తాళాలమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి ఉప్పు గిన్నె అక్క చేతికి అందించింది. అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మన దగ్గర ఉప్పు చేతికివ్వరు, ఇస్తే పుచ్చుకోరు, గొడవలొస్తాయని. "అక్కడ, అక్కడ" అని బల్ల వైపు చూపించింది. మంచి మనసుతో వచ్చిన ముసలావిడకు అది కుక్కను పొమ్మన్నట్టు తోచింది. రొట్టె, ఉప్పు గడప మీదే పెట్టి వెళ్ళిపోయింది. కొన్ని వారాలు మాటల్లేవు. చేత పుచ్చుకోకపోయినా గొడవ రానే వచ్చింది కాబట్టి ఆ నమ్మకం నిజమో కాదో ఇప్పటికీ తేలలేదు.

"లూథరన్లం, శకునాలు లేవంటావు కదక్కా?" అన్నాను.

"ఉప్పు శకునం కాదు. ఉప్పు ఉప్పే."

చివరికి గారెలు వండుకుని, నన్ను దుబాసీగా పెట్టుకుని ఆవిడింటికి వెళ్ళింది. నేను ఉప్పు సిద్ధాంతాన్నీ, తిరుగు గిన్నె సిద్ధాంతాన్నీ నాకొచ్చిన జర్మన్‌లో వివరించాను. తాళాలమ్మ శ్రద్ధగా విని, తన తల్లి కూడా ఉప్పు ఒలికితే ఇంట్లో పోట్లాట వస్తుందనేదని చెప్పింది. ఇద్దరూ గారెలు తిన్నారు. ఆనాటి నుంచి తాళాలమ్మ అక్కకు ఏదీ చేతికివ్వలేదు. పాటల పుస్తకమైనా, కాఫీ అయినా, తాళాలగుత్తి అయినా బెంచీ మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, రాణిగారి ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడేది. అక్క తీసుకునేదాకా కదిలేది కాదు. అది ఎగతాళి. ముసలావిడకు మరో రకంగా ప్రేమ చూపడం వచ్చేది కాదు. గిన్నెలు మాత్రం ఖాళీగానే తిరిగొచ్చేవి.

అక్కకు జబ్బు చేసిందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం వంటకు సరుకులు కొనే శుక్రవారాలు "డాక్టర్ టెర్మిన్ ఉంది" అని, అంటే అపాయింట్‌మెంట్ ఉందని, తప్పించుకునేది. తరువాత గారెలు తగ్గాయి. తరువాత తెల్ల చీర వదులైంది. ఆ చలికాలంలో చివరిసారి వండింది పరమాన్నం, పెద్ద స్టీలు గిన్నెలో. అంచున వాళ్ళమ్మ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కిన గిన్నె. అది ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ రోజు గిన్నెతో సహా తాళాలమ్మ ముందు పెట్టింది. "ఇది మీ బైబిల్లోని వాక్యమా?" అని ముసలావిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది. "కాదు. మా అమ్మ" అంది అక్క.

ఆసుపత్రికి నేనూ ఇమ్రాన్ వెళ్ళాం. రంజాన్ నెల, వాడు ఉపవాసం. మంచం మీద అక్క ఎంత తక్కువగా ఉందంటే, దుప్పటి సర్దుతుంటే ముందు తలగడేమో అనుకున్నాను.

"ఆదివారం ఎంతమంది వచ్చారు?" అంది.

"హౌస్‌ఫుల్ అక్కా" అన్నాడు ఇమ్రాన్.

"ఉపవాసంలో ఉండి అబద్ధమాడతన్నావా?"

"అబద్ధం కాదక్కా. హౌస్ ఉంది. ఫుల్ కావాలె."

అక్క నవ్వింది. నవ్వు నొప్పి దాకా వెళ్ళి ఆగింది. నిజానికి ఆ ఆదివారం మాకు పరీక్షలు, షిఫ్టులు. బెంచీల్లో ముసలమ్మలు కాక ఉన్నది ఇమ్రాన్ ఒక్కడే. నోట్లో నీటిచుక్క లేకుండా లూథరన్ ప్రసంగం ఆసాంతం కూర్చుని, తాళాలమ్మ లెక్కలో ఒక తలై వచ్చాడు.

"తాళం పడనీయకండ్రా" అంది అక్క. నేను సరేనన్నాను. "ఆ పాదిరికి ఇండియా రాలేదనే బాధ ఉండేదేమో అని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఉండదు. పని ఉంటే ఉండదు." కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "తిన్నారా?" అంది. ఇమ్రాన్ తిన్నానన్నాడు. ఈసారి అబద్ధం పట్టుకోలేదు.

ఈస్టర్ దాటాక పోయింది. బావగారు పంపిన వార్తలో "ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. ఆమె నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు. పాస్టరమ్మ అతి సుదీర్ఘ ప్రసంగాల్లో కూడా.

ఆమె కోరుకున్నట్టే ఆ ఊళ్ళోనే సమాధి. గుంటూరు నుంచి అన్నదమ్ములు ఫోన్ తెరలో చూశారు. నేను చర్చికి కొంచెం ఆలస్యంగా చేరాను, చోటు లేదు. రైలు పాఠాలు విన్నవాళ్ళంతా వచ్చారు. హాలె, డ్రెస్డెన్, బ్రెమెన్, మ్యూనిక్. ఉద్యోగాలు దొరికి సూట్లు కొనుక్కున్నవాళ్ళు, ఇంకా దొరకక అప్పు తెచ్చుకున్న కోట్లు వేసుకున్నవాళ్ళు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. గోడల వెంట నిలబడ్డారు. వైదిక బ్రాహ్మడు వెలగని పొయ్యి పక్కన చోటు ఒక ముసలమ్మకు ఇచ్చి నిలబడ్డాడు. అంతమంది ఊపిరితో ఆ చర్చి మొదటిసారి వెచ్చగా అయింది. తెలుగు కీర్తన ఎత్తుకున్నప్పుడు పాస్టరమ్మ కాగితం మీంచి తలెత్తి, మళ్ళీ దించలేకపోయింది. తాళాలమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు తలలు లెక్కపెట్టలేదు.

బయటికొచ్చాక ఇమ్రాన్ పాస్టరమ్మను అడిగాడు: "ఈ రోజు చూశారు కదా. ఇది పై వాళ్ళకు చెప్తే చాలదా?"

ఆమె చాలాసేపు చేతిరుమాలు మడత పెట్టింది. "అంత్యక్రియలు ఆదివారం ఆరాధన కిందికి రావు" అంది.

మేం ప్రయత్నించాం. కొన్నాళ్ళు వెళ్ళాం. కానీ పిలిచేవాళ్ళు లేని భోజనానికి ఎవరు ఎన్నాళ్ళు వెళ్తారు? ఒకడికి మ్యూనిక్‌లో ఉద్యోగం, ఒకడికి బ్రెమెన్‌లో. ఆకులు రాలే కాలంలో మూసేస్తున్నామని కబురొచ్చింది. ఆ తలుపు లోపల చివరిసారి అందరూ కూడింది అక్క కోసమే.

పాటల పుస్తకాలు పెట్టెల్లో సర్దడానికి నేను వెళ్ళాను. పని అయ్యాక తాళాలమ్మ తలుపు వేసే ముందు ఆగమంది. లోపలికి వెళ్ళి, తెల్ల గుడ్డ కప్పిన పెద్ద స్టీలు గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చింది. అంచున చుక్కల అక్షరాలు. చలికాలం నుంచి ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

గుడ్డ తీశాను. గిన్నె నిండా ఉప్పు. పైన చదును చేసి ఉంది, ఎవరో అరచేత్తో నిమిరినట్టు.

మన దగ్గరైతే చక్కెర వేస్తారు. ఆవిడకు తెలిసిన శుభం ఉప్పు. "ఖాళీగా ఇవ్వకూడదట కదా" అంది జర్మన్‌లో, నా ముఖం చూడకుండా.

నేను చేతులు చాచాను. ఆవిడ ఇవ్వలేదు. వెళ్ళి ముందు వరస బెంచీ మీద, అక్క కూర్చునే చోట, గిన్నెను పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడింది.

నేను తీసుకునేదాకా కదలదని తెలుసు. అయినా నాకు కొంచెం సేపు పట్టింది.